డ్రిల్ లేకుండా పిప్పి పన్ను బాగుచేయించుకోవడం ఎలా: ఎయిర్ అబ్రేషన్‌కి పూర్తి మార్గదర్శి

పన్ను పుచ్చిందని తెలిసినా నెలల తరబడి నెట్టుకొచ్చేవాళ్లని ఎందుకు రాలేదని అడిగితే ముందు చెప్పేది ఆ డ్రిల్ చప్పుడు గురించే. "గాలితో చేస్తారట కదా, డ్రిల్ ఉండదట కదా, అది మాకు చేస్తారా, ఎట్లా చేయించుకోవాలి" అని నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు వాళ్లు, ఇటు జడ్చర్ల, మహబూబ్‌నగర్ వాళ్లు అడుగుతూనే ఉన్నారు. అందుకే వెళ్లే ముందు ఏం చూసుకోవాలి, కుర్చీలో ఏం జరుగుతుంది, ఇంటికొచ్చాక ఏం చేయాలి అన్నది వరసగా రాస్తున్నాను.

మొదటే తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఎయిర్ అబ్రేషన్ అనే ఈ గాలి పద్ధతి చిన్న పుచ్చుకే పనికొస్తుంది. రాత్రిళ్లు నిద్ర పట్టనంత నొప్పి మొదలయ్యాక ఎంత మంచి మెషిన్ ఉన్నా ఇది మీకు కుదరదు. అంటే డ్రిల్ తప్పించుకోవాలన్న కోరిక ఉన్నవాళ్లు నొప్పి రాకముందే వెళ్లాలి, అసలు కిటుకంతా అక్కడే ఉంది.

1. ఆ మెషిన్ ఏం చేస్తుంది

సన్నటి గొట్టం చివర నుంచి పొడి గాలి వేగంగా వస్తుంది, ఆ గాలిలో చాలా మెత్తటి పొడి కలిసి ఉంటుంది. ఎక్కువగా వాడేది అల్యూమినియం ఆక్సైడ్ పొడి, ఒక్కో రేణువు 27 లేదా 50 మైక్రాన్లు, అంటే మామూలుగా వెంట్రుక మందం కంటే తక్కువే. ఆ రేణువులు పన్ను మీద తగిలిన చోట గట్టి పొరని కొంచెం కొంచెంగా అరగదీస్తాయి. తిరిగే సూది లేదు, పన్నుని తాకే లోహం లేదు, కాబట్టి అదురు ఉండదు, వేడి పెద్దగా పుట్టదు. మామూలు హైస్పీడ్ డ్రిల్ నిమిషానికి 3 లక్షల పైచిలుకు చుట్లు తిరుగుతుంది, చాలామందిని భయపెట్టే ఆ కీచు చప్పుడు అక్కడిదే. ఇందులో వినపడేది గాలి బుస్సుమనే చప్పుడు, పక్కన పొడిని లాగేసే సక్షన్ చప్పుడు.

ఒక విషయం మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే దీన్ని ఎక్కువమంది చెప్పరు. ఈ పొడి గట్టి వాటినే బాగా కోస్తుంది. బండ మీద సుత్తితో కొడితే పెచ్చులు లేస్తాయి, అదే దెబ్బ తడి మట్టి మీద కొడితే మట్టి దెబ్బని మింగేసి ఊరుకుంటుంది, పుచ్చు మెత్తబడి జిగటగా మారిన చోట జరిగేది కూడా ఇదే. అందువల్ల లోపల మెత్తటి పుచ్చు ఉంటే డాక్టర్ దాన్ని చిన్న చెంచా లాంటి చేతి పరికరంతో గోకి తీయాల్సిందే. ఇంకోపక్క, గురి తప్పితే ఈ పొడి మంచి ఎనామిల్‌ని (పన్ను పైన ఉండే గట్టి పొరని) కూడా అరగదీస్తుంది. సున్నితమైన పద్ధతి అన్నారు కదా అని ఎవరి చేతిలోనైనా పెట్టే పని కాదు.

2. మీ పన్నుకి సరిపోతుందా

ఇది మీరు అద్దంలో చూసుకుని తేల్చేది కాదు. పన్నుని ఆరబెట్టి, మంచి వెలుతురులో చూసి, అవసరమైతే ఎక్స్‌రే తీసి డాక్టర్ చెప్పాలి. కాకపోతే కింది రెండు లిస్టులు చూస్తే మీరు ఏ వైపు ఉన్నారో సుమారుగా తెలుస్తుంది.

సరిపోయే అవకాశం ఎక్కువ:

- దవడ పళ్ల గాడుల్లో నల్లగా సన్నటి చుక్క, చిన్న గుంట, నొప్పి లేదు
- పిల్లలకి కొత్తగా వచ్చిన శాశ్వత దవడ పళ్ల గాడులు శుభ్రం చేసి, పుచ్చు రాకుండా వాటిని మూసే పూత (సీలెంట్) వేయాలనుకున్నప్పుడు
- పాత తెల్ల ఫిల్లింగ్ అంచు కాస్త లేచి, అక్కడ చిన్న రిపేరు కావాల్సినప్పుడు
- ముందు పన్ను అంచు కొద్దిగా విరిగి, తెల్ల ఫిల్లింగ్ అతకడానికి గరుకు చేయాల్సినప్పుడు

కుదరదు:

- రాత్రి నొప్పి, వేడి తగిలితే నొప్పి, చిగురు మీద చీము గడ్డ
- పెద్ద గుంట, లోపలంతా మెత్తబడిన పుచ్చు
- చిగురు లోపలికి పాకిన పుచ్చు
- క్యాప్ కోసం పన్ను చెక్కడం, రూట్ కెనాల్
- పాత వెండి సిమెంట్ తీయడం, ఎందుకంటే అందులో పాదరసం ఉంటుంది, దాన్ని పొడి చేసి గాల్లోకి లేపకూడదు

మూడో రకం కూడా ఒకటుంది, దాని గురించి ఎవరూ అడగరు గానీ పిల్లల్లో చాలా కనిపిస్తుంది. పన్ను మీద సుద్దలాంటి తెల్ల మచ్చ, పైపొర ఇంకా చెక్కుచెదరలేదు. ఇది పుచ్చు మొదలవుతున్న దశ. దీన్ని అసలు ఏ పద్ధతిలోనూ కోయాల్సిన పని లేదు, బ్రషింగ్ సరిచేసి, తీపి తినే సార్లు తగ్గించి, ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తే చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. అలాంటి మచ్చకి ఎయిర్ అబ్రేషన్ చేద్దామంటే "కోయకుండా ఆపలేమా" అని ఒకసారి అడగండి. అయితే తెల్ల మచ్చలన్నీ ఒకటి కావు, మన దగ్గర అసలే కావు.

3. మరకా, పుచ్చా: మన జిల్లాల్లో ముందు తేల్చుకోవాల్సింది ఇది

నల్గొండ జిల్లా మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు చుట్టుపక్కల బోరు నీళ్లు తాగి పెరిగినవాళ్లకి ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. పన్ను చిగురు లోపల తయారవుతున్న వయసులో నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఎనామిల్ సరిగా గట్టిపడదు, పన్ను వచ్చేటప్పటికే సుద్ద గీతలు, తెల్ల మచ్చలు ఉంటాయి, తర్వాత వాటిలోకి రంగు దిగి పసుపు, గోధుమ రంగుకి తిరుగుతాయి, మరీ ఎక్కువైతే గుంటలు పడతాయి. ఇది పుచ్చు కాదు. కానీ రెండూ నల్లగానో గోధుమగానో కనిపిస్తాయి కాబట్టి రెండు వైపులా పొరపాటు జరుగుతుంది: మరకని పుచ్చు అనుకుని మంచి పన్నుని కోయడం ఒకటి, "మాది ఫ్లోరైడ్ పన్ను, అంతే" అనుకుని నిజంగా పుచ్చిన పన్నుని వదిలేయడం రెండోది. నా లెక్కలో రెండోదే ఎక్కువ నష్టం చేస్తోంది.

తేడా ఇలా చూడండి:

- ఫ్లోరైడ్ మరక సాధారణంగా జంటగా ఉంటుంది. కుడివైపు పన్ను మీద ఉన్నది ఎడమవైపు అదే పన్ను మీద కూడా ఉంటుంది. పుచ్చుకి ఆ లెక్క లేదు.
- ఫ్లోరైడ్ గీతలు పన్ను మీద అడ్డంగా పాకినట్టు ఉంటాయి, బయటికి కనిపించే నున్నటి భాగంలోనే ఎక్కువ. పుచ్చు గాడుల్లో, పళ్ల సందుల్లో, చిగురు అంచు దగ్గర, అంటే పాచి నిలిచే చోట మొదలవుతుంది.
- ఫ్లోరైడ్ మరక పన్నుతోపాటే వస్తుంది. ఈ మధ్య కొత్తగా కనిపించి, పెరుగుతున్న మచ్చ అయితే పుచ్చు అనే అనుమానించాలి.
- అన్నం, పీచు అక్కడే ఇరుక్కుంటుంటే, తీపి తింటే జివ్వుమంటుంటే, అది మరక కాదు.

ఫ్లోరైడ్ పళ్లు పుచ్చవు అనే మాట కూడా నమ్మకండి. గుంటలు పడిన పళ్లలో ఆ గుంటల్లోనే పాచి చేరి పుచ్చుతాయి.

ఇక అందరూ అడిగేది: ఎయిర్ అబ్రేషన్‌తో ఈ పసుపు మరకలు పోతాయా? పన్నంతా తెల్లగా చేసే పని దీనిది కాదు. గుంటల్లో ఇరుక్కున్న గోధుమ రంగుని తీసి, ఆ గుంటని తెల్ల ఫిల్లింగ్‌తో నింపడానికి ఇది బాగా ఉపయోగపడుతుంది. ఫ్లోరైడ్ పన్నుకి పైపొర గట్టిగా, దాని కింద పొర గుల్లగా ఉంటుంది, ఆ గట్టి పైపొరకి, ఫిల్లింగ్ అతకడానికి ముందు పెట్టే యాసిడ్ జెల్ సరిగా పట్టదు, దానివల్ల అతికించిన ఫిల్లింగ్ ఊడే అవకాశం పెరుగుతుంది. అలాంటి చోట ముందు ఎయిర్ అబ్రేషన్‌తో గరుకు చేసి, తర్వాత జెల్ పెడితే పట్టు పెరుగుతుంది. పైపైన ఉన్న మరకలకి వేరే దారులు ఉన్నాయి, కింది భాగంలో రాశాను.

ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే ఇక్కడే ఇంకో మాట. శాశ్వత పళ్ల ఎనామిల్ దాదాపు 8 ఏళ్ల వయసు దాకా తయారవుతూ ఉంటుంది, ఆ వయసు దాకా వాళ్లు తాగే నీళ్ల గురించి పట్టించుకోవాలి. తాగే నీళ్లలో లీటరుకి 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండొచ్చని, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాటకూడదని మన దేశపు ప్రమాణం. ప్రభుత్వ మిషన్ భగీరథ నల్లా నీళ్లు ఇంటికి వస్తుంటే తాగడానికి, వంటకి వాటినే వాడండి, బోరు నీళ్లని మరగబెట్టి తాగితే సరిపోతుందనుకోకండి. మరగబెడితే నీరు ఆవిరవుతుంది, ఫ్లోరైడ్ పోదు, మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది.

4. మూడు పేర్లు కలిపేసుకోకండి

*ఎయిర్ అబ్రేషన్:* పన్నుని కొంచెం కోస్తుంది. చిన్న పుచ్చు, సీలెంట్, ఫిల్లింగ్ కోసం.

*ఎయిర్ పాలిషింగ్:* ఇదీ గాలి, పొడే, కానీ పొడి మెత్తటిది, తినే సోడా లాంటిదో గ్లైసిన్ లాంటిదో, నీళ్లతో కలిపి కొడతారు. టీ, పాన్, తంబాకు మరకలు, పాచి పోతాయి. పుచ్చు పోదు. "మా దగ్గర గాలి మెషిన్ ఉంది" అని ఎవరైనా అంటే ఈ రెండింట్లో ఏదో అడగండి, ఎక్కువ చోట్ల ఉండేది ఇదే.

*మైక్రో అబ్రేషన్:* ఇందులో గాలి లేదు. యాసిడ్, సన్నటి గరుకు పొడి కలిపిన ముద్దని పన్ను మీద రుద్ది పైపొరని అతి పలుచగా తీస్తారు. తక్కువ, మధ్యస్థ స్థాయి ఫ్లోరైడ్ గోధుమ మరకలకి అడగాల్సింది దీని గురించి. తర్వాత బ్లీచింగ్ కలపడమో, తెల్ల మచ్చల్లోకి రెసిన్ అనే ద్రవం ఇంకేలా చేయడమో కూడా ఉంటుంది. లోతుగా గుంటలు పడిన ముందు పళ్లకి ఇవేవీ చాలవు, పైన తెల్ల ఫిల్లింగ్ పొరో, వెనీర్ అనే పలుచటి తొడుగో వేయాల్సి వస్తుంది.

5. డాక్టర్‌కి ముందే చెప్పి తీరాల్సినవి

అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఫోన్‌లో చెప్పండి, కుర్చీలో కూర్చున్నాక గుర్తుకు తెచ్చుకోవద్దు.

- ఆస్తమా, ఆయాసం, దుమ్ము పడకపోవడం
- ఊపిరితిత్తుల పాత జబ్బు ఏదైనా
- ఈ మధ్య పన్ను తీయించుకోవడం, నోట్లో మానని పుండు, చిగుళ్ల ఆపరేషన్
- చిగుళ్లు వాచి రక్తం కారుతుండటం
- రబ్బరు గ్లౌజులు, బెలూన్లు తగిలితే దురద, దద్దుర్లు రావడం
- గర్భిణి అయితే ఎన్నో నెల
- పళ్లకి క్లిప్పులు ఉంటే ఆ సంగతి

పుండు, తీసిన పన్ను గురించి ఎందుకు అడుగుతున్నానంటే, ఒత్తిడితో వచ్చే గాలి తెరుచుకున్న గాయం గుండా చర్మం కిందికి పోతే ముఖం వాస్తుంది. అరుదే కానీ జరుగుతుంది. గాయం మానేదాకా ఆగితే ఆ ప్రమాదం చాలావరకు తప్పినట్టే. ఆస్తమా బాగా ఉన్నవాళ్లకి మాత్రం ఈ పద్ధతి వద్దనే నా సలహా, దుమ్ము లేకుండా చేసే వేరే దారులు ఉన్నప్పుడు దీని కోసం రిస్క్ ఎందుకు.

6. ఎక్కడ అడగాలి, ఏమని అడగాలి

ప్రతి క్లినిక్‌లో ఈ మెషిన్ ఉండదు. బస్సెక్కి వెళ్లి వెనక్కి రావడం కంటే ముందు ఫోన్ చేయండి. మీ ఊరి క్లినిక్‌లో లేకపోతే డెంటల్ కాలేజీల్లో కనుక్కోండి, నార్కట్‌పల్లిలో ఒకటి, మహబూబ్‌నగర్‌లో ఒకటి ఉన్నాయి, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. పెద్దవాళ్లకైతే ఫిల్లింగులు చేసే కన్జర్వేటివ్ డెంటిస్ట్రీ విభాగం, పిల్లలకైతే పిల్లల దంత వైద్య విభాగం అని అడగండి.

అడగాల్సిన ప్రశ్నలు:

- మీ దగ్గర ఉన్నది పుచ్చు తీసే ఎయిర్ అబ్రేషనా, క్లీనింగ్ చేసే ఎయిర్ పాలిషింగా?
- రబ్బర్ డ్యామ్ (పని చేసే పన్ను తప్ప మిగతా నోటిని కప్పే రబ్బరు షీటు) పెడతారా? పొడి లాగేసే పెద్ద సక్షన్ ఉందా?
- చూశాక లోతు ఎక్కువని తేలితే అదే రోజు వేరే పద్ధతిలో పూర్తి చేస్తారా?
- చెప్పిన ఖర్చులో ఫిల్లింగ్ కలిసి ఉందా, పన్ను లెక్కనా, సిట్టింగ్ లెక్కనా? ఎక్స్‌రే వేరా?

రెండో ప్రశ్నకి "అవేం అక్కర్లేదు" అని జవాబు వస్తే ఇంకో చోట చూసుకోండి. దీంట్లో నేను మొహమాటపడను, పొడి కళ్లలోకి, గొంతులోకి పోకుండా చూసే ఏర్పాటు లేకుండా ఈ పని చేయకూడదు.

7. బయల్దేరే ముందు

- కడుపు మాడ్చుకుని వెళ్లకండి, మామూలుగా తిని, బాగా బ్రష్ చేసుకుని వెళ్లండి
- కాంటాక్ట్ లెన్సులు తీసేసి కళ్లద్దాలు పెట్టుకోండి
- లిప్‌స్టిక్, నూనె రాసిన పెదాలు వద్దు, పొడి అంటుకుంటుంది, కాకపోతే పెదాలు ఎండకుండా డాక్టర్ వాళ్లే వాసలీన్ రాస్తారు
- పాత ఎక్స్‌రేలు, వాడే మందుల చీటీ పట్టుకెళ్లండి
- జలుబు చేసి ముక్కు మూసుకుపోయి ఉంటే వాయిదా వేయండి, రబ్బర్ డ్యామ్ పెట్టాక ముక్కుతోనే ఊపిరి తీసుకోవాలి

పిల్లల్ని తీసుకెళ్తుంటే "ఏం చేయరు, ఉత్తగా చూస్తారంతే" అని అబద్ధం చెప్పకండి. "పన్ను మీద గాలి ఊదుతారు, బుస్సుమంటుంది, చల్లగా ఉంటుంది, కళ్లకి అద్దాలు పెడతారు" అని ఉన్నదున్నట్టు చెప్పండి. "నొప్పి రాదు, సూది వేయరు" అనే మాటలు కూడా తీయకండి, పిల్లల చెవికి సూది, నొప్పి మాత్రమే వినపడతాయి. ఇంట్లో ఒకటి రెండు రోజులు నోరు తెరిచి, కదలకుండా, ముక్కుతో ఊపిరి తీసుకోవడం ఆటలా ఆడించండి. అలా కాసేపు కూర్చోగలిగే పిల్లలకే ఈ పద్ధతి కుదురుతుంది.

8. కుర్చీలో: ఏది తర్వాత ఏది

వరస తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది, ఏదైనా మెట్టు వదిలేస్తే మీకే తెలుస్తుంది.

1. పన్ను శుభ్రం చేసి, ఆరబెట్టి మళ్లీ ఒకసారి చూస్తారు. తడి పన్ను మీద చిన్న పుచ్చు కనిపించదు.

2. మీకు కళ్లద్దాలు పెడతారు. డాక్టర్, పక్కన ఉండే అసిస్టెంట్ కూడా మాస్కు, అద్దాలు పెట్టుకుంటారు.

3. రబ్బర్ డ్యామ్ అనే పలుచటి రబ్బరు షీటు తొడుగుతారు, దాని చిల్లులోంచి పని చేసే పన్ను మాత్రమే బయటికి వస్తుంది. మొదట కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, నాలుకతో తోయకండి.

4. పక్క పన్ను ఆనుకుని ఉంటే దానికి పలుచటి లోహపు పట్టీ అడ్డం పెడతారు, పొడి తగిలి ఆ పన్ను అరగకుండా.

5. గొట్టం కొనని పన్నుకి ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో, పన్నుని తాకకుండా పట్టుకుని కొన్ని సెకన్ల చొప్పున ఊదుతారు. ఊదడం, ఆపడం, కడగడం, చూడడం, మళ్లీ ఊదడం. ఆపకుండా అదేపనిగా ఊదేస్తుంటే లోతు తెలియదు, ఎందుకంటే డ్రిల్ పట్టుకున్నప్పుడు చేతికి తెలిసే గట్టి, మెత్త తేడా ఇందులో తెలియదు, అంతా కంటితో చూసి చేయాల్సిందే.

6. చల్లగాలికి కొంతమందికి జివ్వుమంటుంది. ఓర్చుకుని కూర్చోకండి, ఎడమ చెయ్యి ఎత్తండి. గాలి ఒత్తిడి తగ్గిస్తారు, లేదా మత్తు సూది ఇస్తారు. చాలా చిన్న పుచ్చులకి సూది అక్కర్లేకుండానే అయిపోతుంది, అయినా "అస్సలు వద్దు" అని ముందే మొండికేయకండి.

7. మెత్తటి పుచ్చు కనిపిస్తే చెంచా లాంటి చేతి పరికరంతో గోకి తీస్తారు. గోకుతుంటే చప్పుడు వస్తుంది, కంగారు పడొద్దు.

8. పొడి అంతా కడిగేసి, 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ పెట్టి, కొన్ని సెకన్లు ఉంచి కడుగుతారు. ఎయిర్ అబ్రేషన్ చేశాం కదా, జెల్ ఎందుకు అనే డాక్టర్లు కూడా ఉన్నారు. గరుకు చేయడం వేరు, జెల్ పని వేరు, ఫిల్లింగ్ నిలబడాలంటే జెల్ కావాలి.

9. అతికించే ద్రవం రాసి, సీలెంటో తెల్ల ఫిల్లింగో పెట్టి నీలి కాంతితో గట్టిపరుస్తారు. లోతు ఉంటే పొరలు పొరలుగా.

10. రబ్బర్ షీటు తీసి, రంగు కాగితం కొరికించి ఎత్తు చూస్తారు. ఎత్తుగా ఉంటే ఫిల్లింగ్‌ని సాఫ్ చేయడానికి తిరిగే పరికరం వాడతారు. "డ్రిల్ లేదన్నారుగా" అని ఇక్కడ చాలామంది బెదిరిపోతారు, అది అరగదీస్తున్నది ఫిల్లింగ్‌ని, పన్నుని కాదు, నొప్పి ఉండదు. పిల్లలకి ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

సూది ఇవ్వకుండా అయిపోయిందంటే ఇంకో లాభం ఉంది: నోరు మొద్దుబారదు కాబట్టి కుడి, ఎడమ రెండు వైపులా చిన్న పుచ్చుల్ని ఒకే రోజు చేయించుకోవచ్చు. దూరపు ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు దీన్ని అడిగి చేయించుకోండి, ఇంకోసారి తిరగడం తప్పుతుంది.

9. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటికి దారి

*నొప్పి వచ్చాక రావడం.* అప్పటికి పుచ్చు లోపలి నరం దాకా పోయి ఉండొచ్చు. దారి: నొప్పి లేకపోయినా 6 నెలలకోసారి చూపించుకోండి, పిల్లలకి 6 ఏళ్లప్పుడు వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను, 12 ఏళ్లప్పుడు వచ్చే రెండోది పూర్తిగా రాగానే తీసుకెళ్లండి. ఆరేళ్ల పన్నుని పాల పన్ను అనుకుని వదిలేసేవాళ్లు చాలా మంది, అది పాల పళ్ల వెనక వస్తుంది, మళ్లీ ఇంకోటి రాదు.

*డ్రిల్ వద్దని పట్టుబట్టడం.* లోపల లోతుగా పుచ్చు ఉన్నప్పుడు కొంత ఎయిర్ అబ్రేషన్, కొంత డ్రిల్, కొంత చేతి పరికరం కలిపి చేయడమే మంచి వైద్యం. గాలితోనే చేయాలని పట్టుబడితే పుచ్చు లోపల మిగిలిపోతుంది. దారి: "వీలైనంత తక్కువ కోయండి" అని చెప్పండి, ఏ పరికరమో డాక్టర్‌కి వదిలేయండి.

*తల తిప్పడం, నోరు మూయడం.* పొడి చిగురు మీద పడితే గీరుకుపోతుంది. దారి: చెయ్యి ఎత్తడమే మీ సైగ, తల కదపకండి.

*పొడి మింగామని భయపడటం.* ఆ పొడి ఒంట్లో కరిగేది కాదు, కొంచెం పోయినా బయటికి వెళ్లిపోతుంది. దారి: నోరు బాగా పుక్కిలించి ఉమ్మేయండి. దగ్గు, ఆయాసం వస్తే మాత్రం వెంటనే చెప్పాలి.

*ఎయిర్ అబ్రేషన్ చేయించాం కాబట్టి ఇక పుచ్చదనుకోవడం.* పన్ను పుచ్చడానికి కారణమైన చక్కెర, పాచి అలాగే ఉంటే ఫిల్లింగ్ పక్కనే మళ్లీ పుచ్చుతుంది. పిల్లలకి బిస్కెట్లు, చాక్లెట్లు రోజంతా కొంచెం కొంచెంగా తినిపించే బదులు భోజనంతో పాటే ఇచ్చేసి నోరు కడిగించండి.

10. మెషిన్ దొరక్కపోతే

డ్రిల్ భయమే అసలు సమస్య అయితే ఎయిర్ అబ్రేషన్ ఒక్కటే దిక్కు కాదు. వీటి గురించి అడగండి:

- చేతి పరికరాలతో మెత్తటి పుచ్చు గోకి తీసి గ్లాస్ అయనోమర్ సిమెంట్ పెట్టడం. దీనికి కరెంటు కూడా అక్కర్లేదు, పాల పళ్లకి చాలా బాగా పనికొస్తుంది.
- బొప్పాయి పాలలో ఉండే పపైన్‌తో చేసిన జెల్. పుచ్చు మీద పెడితే పాడైన భాగం ఇంకా మెత్తబడుతుంది, గోకితే వచ్చేస్తుంది, మంచి భాగం జోలికి పోదు. ఇంట్లో బొప్పాయి పాలు పన్నుకి రాయకండి, నోరు పొక్కుతుంది.
- సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ చుక్క. పుచ్చుని ఆపుతుంది, ఆ చోటు మాత్రం నల్లగా మారిపోతుంది. వెనక పాల పళ్లకి పరవాలేదు, ముందు పళ్లకి ఆలోచించుకోండి.
- పుచ్చు ఇంకా రాని గాడులకి మామూలుగా శుభ్రం చేసి సీలెంట్ వేయడం. దీనికి ఎయిర్ అబ్రేషన్ ఉంటే మంచిదే, లేకపోయినా ఆగాల్సిన పని లేదు.

మెషిన్ ఉన్న చోటు దొరికేదాకా అని నెలలు ఆగడం మాత్రం చేయకండి, చిన్న పుచ్చు చిన్నగా ఉండగానే పై వాటిలో ఏదో ఒకటి చేయించేయండి.

11. ఇంటికొచ్చాక

సీలెంట్, తెల్ల ఫిల్లింగ్ అయితే కాంతితో అప్పటికప్పుడే గట్టిపడతాయి, సూది ఇవ్వకపోతే కాసేపటికే తినొచ్చు. సూది ఇచ్చి ఉంటే మొద్దు పోయేదాకా ఆగాలి, లేదంటే పెదవి, బుగ్గ కొరుక్కుంటారు, పిల్లల్ని కనిపెట్టుకుని ఉండండి. గ్లాస్ అయనోమర్ సిమెంట్ అయితే ఆ రోజంతా ఆ వైపు గట్టివి నమలొద్దు, సకినాలు, మక్క పేలాలు, బొక్కలు మర్నాటికి ఉంచుకోండి. ముందు పళ్లకి తెల్ల ఫిల్లింగ్ వేయించుకుంటే రెండు రోజులు టీ, పసుపు కూరలు తగ్గించండి, తంబాకు, గుట్కా అలవాటు ఉంటే ఎంత మంచి ఫిల్లింగ్ అయినా రంగు మారుతుంది.

చల్లటి నీళ్లకి కొద్దిగా జివ్వుమనడం కొన్ని రోజులు ఉండొచ్చు, తగ్గుతూ పోవాలి. ఈ కింది వాటిలో ఏది కనిపించినా మళ్లీ వెళ్లండి:

- నమిలినప్పుడు ఆ పన్నే ముందు తగులుతోంది: ఎత్తు సరిచేయాలి, ఐదు నిమిషాల పని, ఓర్చుకుంటే పన్ను నొప్పి పడుతుంది
- జివ్వుమనడం తగ్గకుండా పెరుగుతోంది, లేదా రాత్రి దానంతట అదే నొప్పి వస్తోంది
- సీలెంట్ పెచ్చు ఊడింది: ఊడిన ముక్క కింద పాచి చేరకముందే మళ్లీ వేయించాలి
- అదే రోజు బుగ్గ హఠాత్తుగా ఉబ్బి, నొక్కితే చిటపటలాడినట్టు ఉంది: ఇది గాలి చర్మం కిందికి పోయిన గుర్తు, మర్నాడు దాకా ఆగకుండా ఆ రాత్రే చూపించుకోండి

సీలెంట్ వేసిన పళ్లని 6 నెలలకోసారి చూపించేటప్పుడు పన్నుని ఆరబెట్టి అంచులు చూడమని మీరే అడగండి, తడి మీద చూస్తే లేచిన అంచు కంటికి దొరకదు.